పేజీ ఎంతసేపట్లో తెరుచుకుంటోందో బ్రౌజర్‌లో సరిగ్గా కొలవడం ఎలా

"సైట్ రెండు సెకన్లలో ఓపెన్ అవుతోంది కదండీ" అంటాడు డెవలపర్. "నా ఫోన్‌లో మాత్రం తెల్లగా ఉండి గుండ్రంగా తిరుగుతూనే ఉంది" అంటాడు సైట్ ఓనర్. ఇద్దరిలో ఎవరూ అబద్ధం ఆడట్లేదు. హైదరాబాద్ నుంచి విజయవాడకి ఎంతసేపు అని ఎవరినైనా అడిగి చూడండి, "ఆఁ, నాలుగు గంటలే" అంటారు. కాకపోతే ఆ లెక్క ఎల్బీ నగర్ దాటాక మొదలవుతుంది. మియాపూర్‌లో ఇంటి గేటు వేసినప్పటి నుంచి ఎల్బీ నగర్ చేరేదాకా ట్రాఫిక్‌లో పోయిన గంటన్నర ఎవరి ఖాతాలోనూ పడదు. పేజీ లోడ్ టైమ్ మీద జరిగే గొడవలు దాదాపు అన్నీ ఇలాంటివే. గడియారం ఎక్కడ మొదలుపెట్టారో, ఎక్కడ ఆపారో చెప్పకుండా "రెండు సెకన్లు" అంటే దాంతో చేసుకునేదేమీ లేదు.

నేను క్రోమ్‌ని పెట్టుకుని చెబుతాను. ఎడ్జ్‌లో అన్నీ ఇవే, ఫైర్‌ఫాక్స్‌లో పేర్లు కాస్త అటూ ఇటూ.

ముందు అన్నీ సర్దుకోండి

మీరు రోజూ వాడే విండోలో కొలవకండి. అందులో యాడ్ బ్లాకర్ ఉంటుంది, గ్రామర్ సరిచేసే ఎక్స్‌టెన్షన్ ఉంటుంది, కూపన్లు వెతికేది ఇంకోటి, అవన్నీ మీ పేజీలో దూరి తమ స్క్రిప్టులు నడుపుతాయి. ఇన్‌కాగ్నిటో విండో తెరవండి, ఎఫ్12 నొక్కండి (మ్యాక్‌లో అయితే కమాండ్, ఆప్షన్, ఐ కలిపి), డెవ్‌టూల్స్ అనే డెవలపర్ల ప్యానెల్ తెరుచుకుంటుంది. అందులో నెట్‌వర్క్ ట్యాబ్‌కి వెళ్లి డిజేబుల్ క్యాష్ (ఇంతకుముందు దింపి దాచుకున్న ఫైళ్లు వాడొద్దని) అన్న చోట టిక్ పెట్టండి. ఆ టిక్ డెవ్‌టూల్స్ తెరిచి ఉన్నంతసేపే పనిచేస్తుంది, మూసేస్తే మళ్లీ క్యాష్ వాడేస్తుంది.

ఇక్కడ చాలామంది పట్టించుకోని సంగతి ఒకటి ఉంది. క్యాష్ ఆపేసి రీలోడ్ కొట్టినంత మాత్రాన మీరు కొత్తగా వచ్చిన మనిషి అయిపోరు. సర్వర్‌తో కనెక్షన్ ఇందాకటిదే తెరిచి ఉంటుంది కాబట్టి డీఎన్‌ఎస్ వెతకడం (సైట్ పేరుకి సర్వర్ అడ్రస్ కనుక్కోవడం), కనెక్షన్ కలపడం రెండూ సున్నా చూపిస్తాయి. నిజంగా కొత్త మనిషి అనుభవం కావాలంటే ఇన్‌కాగ్నిటో విండోలన్నీ మూసి (ఒక్కటి తెరిచి ఉన్నా పాత సెషనే కొనసాగుతుంది), మళ్లీ తెరిచి, మొదటిసారి వచ్చిన అంకె రాసుకోండి. రెండోసారి వచ్చే మనిషి అనుభవం కూడా కావాలంటే ఆ టిక్ తీసేసి విడిగా కొలవండి. రెండూ వేర్వేరు అంకెలు, వాటిని కలపొద్దు.

ఇంకో రెండు జాగ్రత్తలు. పేజీ లోడ్ అవుతుండగా వేరే ట్యాబ్‌కి వెళ్లకండి, వెనక ఉన్న ట్యాబ్‌లో బ్రౌజర్ పేజీని తెర మీద గీయదు కాబట్టి గీయడానికి సంబంధించిన అంకెలన్నీ చెడిపోతాయి. అలాగే పేజీ మీద చెయ్యి వేయకండి, ఎందుకో కిందకి వచ్చాక చెబుతాను.

కింద కనిపించే మూడు అంకెలు

రీలోడ్ చేశాక నెట్‌వర్క్ ట్యాబ్ అడుగున ఒక వరుస కనిపిస్తుంది. అందులో ఎన్ని రిక్వెస్టులు వెళ్లాయి, ఎంత డేటా దిగింది, ఆ తర్వాత ఫినిష్, డామ్ కంటెంట్ లోడెడ్, లోడ్ అని మూడు టైములు. మొదటిసారి చూసిన ప్రతివాడూ ఫినిష్ అంకె చూసి కంగారు పడతాడు. అది చిట్టచివరి రిక్వెస్ట్ ఎప్పుడు ముగిసిందో చెబుతుంది, అంతే. పేజీలో చాట్ బాక్స్ ఒకటి ఉండి నిమిషానికోసారి సర్వర్‌ని పలకరిస్తుంటే ఫినిష్ కూడా నిమిషాల్లోకి పోతుంది, దాన్ని వదిలేయండి.

నీలం రంగులో ఉండే డామ్ కంటెంట్ లోడెడ్ అంటే హెచ్‌టీఎంఎల్ మొత్తం చదవడం అయింది, డిఫర్ (చివర్లో నడువు అన్న గుర్తు) పెట్టిన స్క్రిప్టులు కూడా నడిచాయి అని. బొమ్మల కోసం ఆగదు. ఎర్ర రంగులో ఉండే లోడ్ అంటే హెచ్‌టీఎంఎల్‌లో రాసి ఉన్న బొమ్మలు, స్టైల్ షీట్లు, స్క్రిప్టులు, ఐఫ్రేములు (లోపల అతికించిన వేరే పేజీలు) అన్నీ వచ్చేశాయి అని. ఏళ్ల తరబడి "లోడ్ టైమ్" అంటే ఈ ఎర్ర అంకే. ఇప్పుడు దీని మీద నాకు పెద్ద నమ్మకం లేదు, ఎందుకంటే రియాక్ట్‌తో (బ్రౌజర్‌లోనే పేజీని కట్టే జావాస్క్రిప్ట్ లైబ్రరీ) కట్టిన సైట్లలో లోడ్ మోగే సమయానికి తెర మీద గుండ్రంగా తిరిగే చక్రం తప్ప ఏమీ ఉండకపోవచ్చు. అసలు సరుకు ఆ తర్వాత ఏపీఐ (సర్వర్‌ని డేటా అడిగే దారి) నుంచి వస్తుంది. మరోవైపు, పైన వార్త చక్కగా చదువుకోగలుగుతున్నా అడుగున ఎక్కడో ఒక యాడ్ బ్యానర్ ఆలస్యమైతే లోడ్ ఎనిమిది సెకన్లు చూపించొచ్చు.

పక్కనే రెండు సైజులు కనిపిస్తాయి, వైరు మీద వచ్చింది ఒకటి, విప్పాక అయింది ఇంకొకటి. తెలుగు పేజీల్లో ఈ తేడా బాగా కనిపిస్తుంది. యూటీఎఫ్-8లో (అక్షరాల్ని బైట్లుగా రాసే పద్ధతి) మన అక్షరం ముక్క ఒక్కొక్కటి 3 బైట్లు. "లక్ష్మి" చూడటానికి రెండక్షరాలే కానీ లోపల ల, క, పొల్లు, ష, పొల్లు, మ, గుడి అని ఏడు ముక్కలు, అంటే 21 బైట్లు. సర్వర్‌లో జీజిప్ గానీ బ్రోట్లీ గానీ ఆన్ చేసి ఉంటే ఇదంతా బాగా నలిగి చిన్నదై వస్తుంది. హెచ్‌టీఎంఎల్ ఫైల్‌కి రెండు సైజులూ దాదాపు ఒకటే కనిపిస్తున్నాయంటే కంప్రెషన్ ఆన్ చేయడం ఎవరో మర్చిపోయారు. కొలవడం మొదలుపెట్టగానే దొరికే తేలికైన దొంగ ఇదే.

మొదటి వరుస మీద క్లిక్ చేయండి

లిస్టులో పైన ఉండేది మీ హెచ్‌టీఎంఎల్ పేజీ. దాని మీద క్లిక్ చేసి టైమింగ్ అన్న ట్యాబ్ తెరవండి. ఒక్క రిక్వెస్ట్ ఎన్ని చోట్ల ఆగిందో మెట్లు మెట్లుగా కనిపిస్తుంది: క్యూలో నిలబడిన సేపు, డీఎన్‌ఎస్ వెతికిన సేపు, కనెక్షన్ కలిపిన సేపు, అందులోనే ఎస్‌ఎస్‌ఎల్ (కనెక్షన్‌కి తాళం వేసే పని), సర్వర్ జవాబు కోసం ఎదురుచూసిన సేపు, చివరికి దింపుకున్న సేపు. ఎస్‌ఎస్‌ఎల్ టైము కనెక్షన్ టైములోనే కలిసి ఉంటుంది. రెండూ కూడితే ఒకే సమయాన్ని రెండుసార్లు లెక్కేసినట్టు.

ఇప్పుడు దూరం లెక్క చూద్దాం. మీ సర్వర్ అమెరికాలో వర్జీనియాలో ఉంది, చదివే మనిషి వరంగల్‌లో ఉన్నాడు అనుకోండి. ఒక కబురు వెళ్లి రావడానికి సుమారు 200 మిల్లీసెకన్లు అనుకుందాం. టీసీపీ (రెండు మెషీన్ల మధ్య అసలు కనెక్షన్) కలపడానికి ఒక రాకపోక, టీఎల్‌ఎస్ (ఎస్‌ఎస్‌ఎల్‌కి కొత్త పేరు) 1.3 అయితే ఇంకొకటి (1.2 అయితే రెండు), అప్పుడు అసలు రిక్వెస్ట్ వెళ్లి మొదటి బైట్ రావడానికి మరొకటి. మూడు రాకపోకలకి 600 మిల్లీసెకన్లు. సర్వర్ ఆలోచించడానికి సున్నా తీసుకున్నా సరే ఇంతే. మధ్యలో "సెక్యూర్ అడ్రస్‌కి పో" అని ఒక రీడైరెక్ట్, "డబ్ల్యూ డబ్ల్యూ డబ్ల్యూ తగిలించుకుని రా" అని ఇంకో రీడైరెక్ట్ ఉంటే ప్రతిదానికీ కనీసం ఒక రాకపోక అదనం, పేరు మారితే మళ్లీ కొత్త కనెక్షన్ కూడా.

టీటీఎఫ్‌బీ అంటే మొదటి బైట్ వచ్చేదాకా పట్టిన సమయం. గూగుల్ వాళ్లు 800 మిల్లీసెకన్ల లోపు ఉంటే మంచిదంటారు. ఆ లెక్కలో రీడైరెక్టులు, డీఎన్‌ఎస్, కనెక్షన్ అన్నీ కలిసి ఉంటాయి. టైమింగ్ ట్యాబ్‌లో "సర్వర్ జవాబు కోసం" అని కనిపించే అంకె మాత్రం కనెక్షన్ కుదిరాక మొదలయ్యేది, అంటే ఎల్బీ నగర్ దాటాక పెట్టిన గడియారం. బ్యాకెండ్ టీమ్ (సర్వర్ పని చూసేవాళ్లు) "మాది 150 మిల్లీసెకన్లే" అనేది దీన్ని చూసే, పాపం వాళ్లూ కరెక్టే.

కన్సోల్‌లో అసలు అంకెలు తీయండి

డెవ్‌టూల్స్ మీకు చూపించేవి ఒక్క మీ మెషీన్‌వి. కోడ్‌తో తీయగలిగితే అందరివీ తీయొచ్చు. పెర్ఫార్మెన్స్ అనే ఆబ్జెక్ట్ ప్రతి పేజీలో ఉంటుంది, డెవ్‌టూల్స్‌లో కన్సోల్ ట్యాబ్ (కోడ్ టైప్ చేసి నడిపే చోటు) తెరిచి దాని మీద గెట్‌ఎంట్రీస్‌బైటైప్ ఫంక్షన్‌ని నేవిగేషన్ అన్న మాట ఇచ్చి పిలవండి, వచ్చిన జాబితాలో మొదటిదాన్ని విప్పి చూడండి. రీడైరెక్ట్‌స్టార్ట్, ఫెచ్‌స్టార్ట్, డొమైన్‌లుకప్‌స్టార్ట్, కనెక్ట్‌స్టార్ట్, రిక్వెస్ట్‌స్టార్ట్, రెస్పాన్స్‌స్టార్ట్, రెస్పాన్స్‌ఎండ్, డామ్‌ఇంటరాక్టివ్, చివర్లో లోడ్‌ఈవెంట్‌ఎండ్ దాకా అన్నీ వరుసగా ఉంటాయి. నేవిగేషన్ మొదలైన క్షణం సున్నా, మిగతావన్నీ అక్కడి నుంచి ఎన్నో మిల్లీసెకన్‌లో జరిగాయో చెబుతాయి. కాబట్టి రెస్పాన్స్‌స్టార్ట్ అంకె చదివితే అదే టీటీఎఫ్‌బీ, రెస్పాన్స్‌ఎండ్ నుంచి రెస్పాన్స్‌స్టార్ట్ తీసేస్తే హెచ్‌టీఎంఎల్ దింపుకోవడానికి పట్టిన సేపు.

ఇది రాకముందు మనవాళ్లు చేసిన పని తలుచుకుంటే నవ్వొస్తుంది. హెచ్‌టీఎంఎల్ పైభాగంలో ఒక స్క్రిప్ట్ పెట్టి టైము రాసుకుని, లోడ్ అయ్యాక ఇంకోసారి టైము చూసి తీసివేసేవాళ్లు. ఆ పై స్క్రిప్ట్ నడవాలంటే హెచ్‌టీఎంఎల్ వచ్చి ఉండాలి కదా, అంటే డీఎన్‌ఎస్, కనెక్షన్, సర్వర్ ఆలస్యం మొత్తం లెక్కలోంచి ఎగిరిపోయేది. 2012 డిసెంబర్‌లో డబ్ల్యూ3సీ (వెబ్ ప్రమాణాలు రాసే సంస్థ) ఈ టైములన్నీ ఇచ్చే నేవిగేషన్ టైమింగ్‌ని ప్రమాణంగా ఖాయం చేశాక ఆ తిప్పలు తీరాయి. ఇంటర్నెట్‌లో దొరికే పాత కోడ్‌లో పెర్ఫార్మెన్స్ డాట్ టైమింగ్ అని కనిపిస్తుంది, అది ఆ మొదటి వెర్షన్‌ది, ఇంకా పనిచేస్తుంది కానీ కొత్తగా రాసేటప్పుడు వాడకండి.

ఆ పాతదానితో నేను పడిన పాట్లు చెప్పాలి. లోడ్ ఈవెంట్ మోగగానే నడిచే ఫంక్షన్ లోపలే లోడ్‌ఈవెంట్‌ఎండ్ చదివి, అందులోంచి నేవిగేషన్ మొదలైన టైము తీసేసి డాష్‌బోర్డ్‌కి పంపాను. పొద్దున్నే చూస్తే సగటు లోడ్ టైమ్ మైనస్ లక్షా అరవై వేల కోట్ల మిల్లీసెకన్లు. మా మేనేజర్ కాలిక్యులేటర్ తీసి లెక్కేసి, "అంటే యూజర్ క్లిక్ చేయడానికి యాభై ఏళ్ల ముందే పేజీ తెరుచుకుందా?" అని తాపీగా అడిగాడు. జరిగింది చాలా చిన్నది. ఆ ఫంక్షన్ ఇంకా నడుస్తుండగానే "నువ్వు ఎప్పుడు ముగిశావు" అని అడిగితే ఇంకా ముగియలేదు కాబట్టి సున్నా వస్తుంది. పాత వెర్షన్‌లో మిగతా టైములన్నీ 1970 నుంచి లెక్కేసిన మిల్లీసెకన్లు కనుక సున్నాలోంచి అంత పెద్ద అంకె తీసేశాను. కొత్త వెర్షన్‌లో ఇంత ఘోరంగా కనిపించదు, మెల్లగా సున్నా వచ్చి కూర్చుంటుంది, అది ఇంకా ప్రమాదం. మందు ఒకటే: లోడ్ ఈవెంట్‌లో సెట్‌టైమౌట్ (చేతిలో పని ముగిశాకే నడువు అని చెప్పే ఫంక్షన్) సున్నాతో పెట్టి, ఆ తర్వాత చదవండి.

మధ్యలో మీ సొంత పని ఏదైనా ఎంతసేపు పట్టిందో కొలవాలంటే డేట్ డాట్ నౌ వాడకండి, పెర్ఫార్మెన్స్ డాట్ నౌ వాడండి. ఫోన్ గడియారం నెట్‌వర్క్‌తో సరిచేసుకున్నప్పుడు డేట్ వెనక్కి కూడా పోగలదు, పెర్ఫార్మెన్స్ గడియారం ముందుకే నడుస్తుంది. అలాగని దశాంశాల దాకా నమ్మొద్దు. 2018 జనవరిలో స్పెక్టర్ (కచ్చితమైన గడియారం ఉంటే రహస్యాలు కాజేసే వీలిచ్చే ప్రాసెసర్ లోపం) బయటపడ్డాక బ్రౌజర్లు గడియారాన్ని కావాలనే మొద్దు చేశాయి. క్రోమ్ మామూలు పేజీల్లో 100 మైక్రోసెకన్లకి గుండ్రం చేస్తుంది, ఫైర్‌ఫాక్స్, సఫారీ 1 మిల్లీసెకన్‌కి. పేజీ లోడ్‌కి అది చాలు.

బొమ్మలు, ఫాంట్లు, యాడ్‌లకి ఇదే ఫంక్షన్‌ని రిసోర్స్ అన్న మాటతో పిలవొచ్చు. వేరే డొమైన్ నుంచి వచ్చినవాటికి లోపలి మెట్లన్నీ సున్నాలు కనిపిస్తే ఆశ్చర్యపోకండి. ఆ సర్వర్ టైమింగ్ అలౌ ఆరిజిన్ అనే హెడర్ పంపితేనే బ్రౌజర్ ఆ వివరాలు మీకిస్తుంది.

మనిషి కంటికి ఎప్పుడు కనిపించింది?

ఇంతవరకు చూసినవన్నీ వైరు మీద, బ్రౌజర్ లోపల జరిగేవి. కూర్చున్న మనిషికి కావాల్సింది తెర. దానికి రెండు అంకెలు చాలు. ఎఫ్‌సీపీ అంటే ఏదో ఒక అక్షరమో బొమ్మో మొదటిసారి కనిపించిన క్షణం. 1.8 సెకన్ల లోపు ఉంటే మంచిది. ఎల్‌సీపీ అంటే తెర మీద కనిపిస్తున్న వాటిలో అన్నిటికంటే పెద్ద బొమ్మ లేదా అక్షరాల దిమ్మ కనిపించిన క్షణం. 2.5 సెకన్ల లోపు మంచిది, 4 దాటితే చెడ్డది.

డెవ్‌టూల్స్‌లో పెర్ఫార్మెన్స్ ప్యానెల్ తెరవగానే ఎల్‌సీపీ అంకె, ఏ ఎలిమెంట్ వల్ల వచ్చిందో కూడా చూపిస్తుంది. ఆ ఎలిమెంట్ ఏదో తప్పకుండా చూడండి. పెద్ద బొమ్మ అవుతుందని మీరు అనుకుంటే అక్కడ కుకీల అనుమతి అడిగే పేరా ఉండొచ్చు! ఎల్‌సీపీ మొదట ఒక శీర్షికని పెద్దదిగా పట్టుకుంటుంది, తర్వాత బొమ్మ వస్తే దానికి మారుతుంది, అలా మీరు క్లిక్ చేసేదాకా, స్క్రోల్ చేసేదాకా మారుతూనే ఉంటుంది. మీరు ముట్టుకోగానే వెతకడం ఆపేస్తుంది. ఇందాక చెయ్యి వేయొద్దన్నది అందుకే: బొమ్మ రాకముందే స్క్రోల్ చేస్తే చిన్న శీర్షిక టైమే ఎల్‌సీపీగా మిగిలి, సైట్ భలే ఫాస్ట్‌గా ఉందని మీరు మోసపోతారు.

అంకె పెద్దగా వస్తే దాన్ని నాలుగు ముక్కలు చేసి చూడండి: మొదటి బైట్ వచ్చేదాకా, అక్కడి నుంచి బొమ్మ దింపడం మొదలయ్యేదాకా, దింపుకున్న సేపు, దిగాక గీసేదాకా. బొమ్మ సైజు తగ్గించడం మీద అందరూ పడతారు కానీ నేను చూసినంతలో ఎక్కువసార్లు దొంగ రెండో ముక్కలో దొరికాడు. ఎవరో పుణ్యాత్ముడు పేజీలో అన్ని బొమ్మలకీ లేజీ లోడింగ్ (తెర దగ్గరికి వచ్చాకే దింపమనే సెట్టింగ్) పెట్టేసి ఉంటాడు, అన్నిటికంటే పైనున్న పెద్ద బొమ్మకి కూడా. దాన్ని తీసేస్తే చాలు.

తెలుగు సైట్లకి ప్రత్యేకంగా ఫాంట్ గొడవ ఒకటి ఉంది. గుణింతాలు, ఒత్తులు, వాటి కలయికలు అన్నీ ఫైల్‌లో ఉండాలి కాబట్టి మన ఫాంట్ ఇంగ్లిష్ అక్షరాలు మాత్రమే ఉన్న ఫాంట్ కంటే బరువు. స్టైల్ షీట్‌లో ఫాంట్ డిస్‌ప్లే అన్న చోట ఏమీ చెప్పకపోతే అది దిగేదాకా క్రోమ్ సుమారు 3 సెకన్ల వరకు అక్షరాలు దాచి ఉంచుతుంది. స్వాప్ అని పెడితే ఫోన్‌లో ఉన్న ఫాంట్‌తో ముందు చూపించి తర్వాత మారుస్తుంది. కాకపోతే రెండు ఫాంట్లలో ఒత్తుల కింది జాగా వేరువేరుగా ఉండి, మారిన క్షణంలో పేరా అంతా ఒక లైను కిందకి జారుతుంది. ఆ జారుడిని కొలిచేది సీఎల్‌ఎస్, 0.1 లోపు ఉండాలి. అది సెకన్లలో కాదు, తెరలో ఎంత భాగం ఎంత దూరం కదిలింది అన్న లెక్క. ఇక ఐఎన్‌పీ అనేది నొక్కితే ఎంత త్వరగా స్పందించింది అని చూసేది, 2024 మార్చిలో ఎఫ్‌ఐడీ అనే పాత కొలత స్థానంలో వచ్చింది, 200 మిల్లీసెకన్ల లోపు ఉండాలి. లోడ్ టైమ్‌తో నేరుగా సంబంధం లేదు కాబట్టి ఇక్కడ వదిలేస్తున్నాను.

ఫోన్‌లో, ఒకసారి కాదు ఐదుసార్లు

ఆఫీసు వైఫై మీద, మంచి ల్యాప్‌టాప్‌లో వచ్చిన అంకె మీ ఆనందం కోసమే. నెట్‌వర్క్ ట్యాబ్‌లో వేగం తగ్గించే ఆప్షన్ ఉంది, పెర్ఫార్మెన్స్ ప్యానెల్‌లో ప్రాసెసర్‌ని నాలుగు రెట్లు నెమ్మది చేసే ఆప్షన్ కూడా ఉంది. లైట్‌హౌస్ (క్రోమ్‌లోనే ఉండే, పేజీకి స్కోరు ఇచ్చే సాధనం) మొబైల్ పరీక్షలో వాడేది కూడా అలాంటిదే: 150 మిల్లీసెకన్ల రాకపోక, సెకనుకి 1.6 మెగాబిట్ల వేగం, నాలుగు రెట్లు నెమ్మది ప్రాసెసర్. ఇంకా నయం, ఇంట్లో ఎవరిదో నాలుగేళ్ల పాత ఆండ్రాయిడ్ ఫోన్ అడిగి తీసుకోండి. సెట్టింగ్స్‌లో బిల్డ్ నంబర్ మీద ఏడుసార్లు నొక్కితే డెవలపర్ ఆప్షన్లు వస్తాయి, అక్కడ యూఎస్‌బీ డీబగ్గింగ్ ఆన్ చేసి కేబుల్‌తో ల్యాప్‌టాప్‌కి కలిపి, క్రోమ్‌లో ఇన్‌స్పెక్ట్ పేజీ (chrome://inspect) తెరిస్తే ఫోన్‌లోని ట్యాబ్ మీకు డెవ్‌టూల్స్‌తో సహా దొరుకుతుంది. మొబైల్ డేటా మీద కొలవండి.

ఒకే పేజీని ఐదుసార్లు కొలిస్తే ఐదు అంకెలు వస్తాయి, లైట్‌హౌస్ స్కోరు కూడా ఊగుతుంది, టెన్షన్ వద్దు. వరుసగా పేర్చి మధ్యది తీసుకోండి. సగటు తీయకండి, సిగ్నల్ పోయి ఒక్కసారి 40 సెకన్లు వస్తే మిగతా నాలుగూ బాగున్నా సగటు పాడైపోతుంది.

అసలు జనం ఎలా చూస్తున్నారు?

గూగుల్ వాళ్ల పేజ్‌స్పీడ్ ఇన్‌సైట్స్ సైట్‌లో మీ అడ్రస్ ఇస్తే పైన ఒక భాగం వస్తుంది, అది నిజమైన క్రోమ్ యూజర్ల నుంచి గత 28 రోజుల్లో పోగైనది. కింద వచ్చేది అప్పటికప్పుడు నడిపిన లైట్‌హౌస్. రెండూ కలవకపోతే పైదాన్ని నమ్మండి. పైన కనిపించే అంకె 75వ శాతానిది, అంటే వంద మంది రాకల్ని వేగం నుంచి నెమ్మదికి వరుసలో నిలబెడితే 75వ మనిషికి వచ్చిన అంకె. ఐఫోన్‌లో క్రోమ్ వాడేవాళ్లు ఇందులో ఉండరు. సైట్‌కి జనం తక్కువైతే ఆ భాగం ఖాళీగా ఉంటుంది.

అప్పుడు మీరే పోగు చేసుకోవాలి. గూగుల్ ఇచ్చే వెబ్ వైటల్స్ అనే చిన్న లైబ్రరీ పేజీలో పెట్టి, వచ్చిన అంకెల్ని సెండ్‌బీకన్‌తో (పేజీ పోతున్నా డేటా పంపగలిగే బ్రౌజర్ ఫంక్షన్) మీ సర్వర్‌కి పంపండి. పేజీ మూసేటప్పుడు పంపుదాంలే అని అన్‌లోడ్ ఈవెంట్ మీద ఆధారపడకండి, ఫోన్‌లో జనం ట్యాబ్ మూయరు, వాట్సాప్‌లోకి పోతారు. విజిబిలిటీ మారి పేజీ కనబడకుండా పోయిన క్షణంలో పంపండి. వెనక్కి బటన్ నొక్కి వచ్చినప్పుడు బ్రౌజర్ దాచిన పేజీనే మళ్లీ తీసి చూపిస్తే కొత్త నేవిగేషన్ ఎంట్రీ పుట్టదు, పేజ్‌షో ఈవెంట్‌లో పర్సిస్టెడ్ అని చూసి వాటిని విడిగా లెక్కేయండి.

చివరికి సైట్ ఓనర్‌కి వాట్సాప్‌లో పెట్టేటప్పుడు అంకె ఒక్కటే పెట్టకండి. ఇలా పెట్టండి: "హోమ్ పేజీ, ఎల్‌సీపీ, మొదటిసారి వచ్చిన మనిషి, పాత ఆండ్రాయిడ్ ఫోన్, మొబైల్ డేటా, సాయంత్రం ఏడింటికి, ఐదుసార్లలో మధ్యది", ఆ తర్వాత అంకె. వచ్చే నెల మళ్లీ అదే ఫోన్‌తో, అదే టైముకి కొలిచి కింద రెండో లైను రాయండి.